మార్పు ముంగిట మనిషి

ఉద్దేశం

కొత్త పరిస్థితిని చూసి వెనుకాడడం మానవ సహజం. ఆ వెనుకంజ వ్యక్తి ఎదుగుదలకు అడ్డుగోడగా మారకుండా చూచుకోవడం వివేకం. రాయలసీమకు, ప్రత్యేకించి కర్నూలు, కడప ప్రాంతాలకు సంబంధించిన కొందరి జీవితాలను ఆధారం చేసుకొని, మార్పు వలన కలిగే భయం స్వరూపాన్నీ, దానిని దాటే విధానాన్నీ విద్యార్థులకు వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

జీవితంలో మార్పు లేని దశ లేదు. శైశవం బాల్యంగా, బాల్యం యౌవనంగా పరిణమించడం ప్రకృతి చేసే మార్పు. దానికి మనిషి అనుమతితో నిమిత్తం లేదు. బడి మారడం, ఊరు మారడం, కొత్త భాష నేర్వడం, తెలియని పనికి పూనుకోవడం, చిరకాలపు అలవాటును విడిచిపెట్టడం మొదలైనవి మనిషి తనకు తానుగా చేసుకోవలసిన మార్పులు. మొదటి విధమైన మార్పులను ఎవరూ ఆపలేరు. రెండవ విధమైన వాటిని మాత్రం భయం ఆపగలదు. ఒక్కొక్కప్పుడు జీవితాంతం ఆపగలదు.

ప్రతి విద్యాసంవత్సరం ఆరంభంలో ఈ మాటకు నిదర్శనాలు కనిపిస్తాయి. ఆలూరు, పత్తికొండ ప్రాంతాల పల్లెల నుంచి ఆదోనికో కర్నూలుకో, కోయిలకుంట్ల, ఆళ్ళగడ్డ ప్రాంతాల నుంచి నంద్యాలకో, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల నుంచి ప్రొద్దుటూరుకో కడపకో ఎందరో విద్యార్థులు పదవ తరగతి ముగించి ఇంటర్మీడియట్ చదువుకై వస్తారు. పల్లెబడిలో అందరికీ తెలిసిన పిల్లవాడు పట్టణపు కళాశాలలో ఎవరికీ తెలియనివాడవుతాడు. అక్కడ మొదటి వరుసలో కూర్చున్న బాలిక ఇక్కడ చివరి వరుసను వెదుక్కొంటుంది. తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఆంగ్లంలో సాగే భౌతికశాస్త్ర పాఠం కొరుకుడు పడదు. అర్థం కాలేదని అధ్యాపకుని అడగడానికి నోరు రాదు. కొందరు ఈ స్థితిని రెండు మూడు నెలలలో దాటుతారు. కొందరు పెట్టె సర్దుకొని ఊరికి తిరిగివెళ్ళిపోతారు. వెళ్ళిపోయినవారందరూ తెలివి తక్కువవారు కారు. తెలివి తన పని తాను మొదలుపెట్టకముందే భయం తన పని ముగించి ఉంటుంది.

కాబట్టి ఈ భయాన్ని తేలికగా కొట్టివేయడం తగదు. దానిని తెలుసుకోవాలి. తెలుసుకొన్నప్పుడే దాటడానికి వీలవుతుంది.

భయానికి మూలాలు

మార్పు పట్ల భయానికి ముఖ్యంగా మూడు కారణాలు కనిపిస్తాయి. మొదటిది అజ్ఞాతం. రాబోయేది ఎట్లా ఉంటుందో తెలియదు. తెలియని చోట మనసు ఊరకుండదు. ఖాళీని ఊహలతో నింపుతుంది. ఆ ఊహలలో శుభం కంటె అశుభమే ఎక్కువగా ఉంటుంది. చీకటిలో తాడు పామువలె తోచడం వంటిదే ఇది.

రెండవది నష్టభయం. చేతిలో ఉన్నది చిన్నదైనా అది పోతుందేమోనన్న బాధ, దానికంటె పెద్దది లభిస్తుందేమోనన్న ఆశను మించిపోతుంది. డేనియల్ కానమన్, ఏమాస్ ట్వర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో ప్రకటించిన సిద్ధాంతంలో ఈ విషయాన్ని శాస్త్రీయంగా ప్రతిపాదించారు. సమానమైన లాభం కలిగించే సంతోషం కంటె సమానమైన నష్టం కలిగించే దుఃఖం మనిషికి అధికంగా అనిపిస్తుందని వారి నిర్ణయం. ఉన్న ఊరు, తెలిసిన ముఖాలు, అలవాటైన పని, వీటిని వదలడానికి మనసు అంగీకరించకపోవడంలో ఈ స్వభావమే పనిచేస్తుంది.

మూడవది అభిమానం. ఇది సూక్ష్మమైనది, మిగిలిన రెండింటికంటె బలమైనది. కొత్త విద్యను ఆరంభించినవాడు తిరిగి మొదటి మెట్టుమీద నిలబడాలి. తప్పులు చేయాలి. చిన్నవారి ముందు కూడా తెలియదని ఒప్పుకోవాలి. నలుగురు నవ్వుతారేమోనన్న సంకోచం ఎందరి చేతనో తెలియని విషయాన్ని తెలిసినట్లుగా నటింపజేస్తుంది. అట్లా నటించిన మనిషి ఎదుగుదల ఆ రోజుతో ఆగిపోతుంది.

ఈ మూడు భయాలనూ ఎదుర్కొన్నవారి చరిత్రలు దూరదేశాలలోనే కాక ఈ సీమలోనే లభిస్తాయి. వాటిలో మొదటిది కడపతో ముడిపడినది.

కడపలో ఒక విద్యార్థి

1820లో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చాడు. అప్పటికి అతనికి ఇరవై రెండేళ్ళు నిండలేదు. 1798లో కలకత్తాలో జన్మించి, తండ్రి మరణానంతరం ఇంగ్లండులో చదివి, 1817లో మద్రాసు చేరిన అతడు సెయింట్ జార్జి కోట కళాశాలలో తెలుగు అభ్యసించాడు. పరీక్షలో ఉత్తీర్ణుడయ్యాడు. అయితే పరీక్షకు చదివిన తెలుగు వేరు, ప్రజల నోట పలికే తెలుగు వేరు. పండితుల బోధన వ్యాకరణ సూత్రాలతో ఆరంభమై కఠినమైన కావ్యభాషతో సాగేది. ఆ చదువు పట్టుకొని వచ్చిన యువకునికి కడప సీమ రైతు చెప్పుకొనే మొర అర్థం కావడం సులభం కాదు.

అతని ముందు రెండు మార్గాలున్నాయి. అధికారికి పరీక్ష గడిచిపోయింది, జీతం వస్తుంది, మాట అర్థం కాకపోతే దుబాసీ ఉన్నాడు. ఆ కాలపు దొరలలో పలువురు ఈ మార్గంలోనే సుఖంగా కాలం గడిపారు. రెండవ మార్గం తిరిగి విద్యార్థి కావడం. పాలించవలసిన ప్రజల దగ్గరనే పాఠం నేర్చుకోవడం. అధికారి అయినవానికి ఇందులో అభిమానభంగం ఉన్నది. బ్రౌన్ రెండవ మార్గాన్ని ఎన్నుకొన్నాడు.

అతనికి చేయూతనిచ్చినది పెద్ద కావ్యం కాదు, వేమన పద్యం. అందరికీ తెలిసిన మాటలలో, చిన్న పద్యంలో, లోతైన భావం చెప్పిన వేమన అతనికి ఈ భాషలోకి ప్రవేశద్వారమయ్యాడు. ప్రతులు సేకరించి, పాఠాలు సరిపోల్చి, ఆంగ్లానువాదంతో వేమన పద్యాలను 1829లో మద్రాసులో అచ్చు వేయించాడు. కొండ ఎక్కదలచినవాడు శిఖరాన్ని చూస్తూ నిలబడిపోడు. కాలికి అందే మొదటి రాయిని చూచుకొంటాడు. కష్టమైన విద్యను సులభమైన చోట పట్టుకోవడం బ్రౌన్ అనుసరించిన ఉపాయం.

మచిలీపట్నంలోను, రాజమహేంద్రవరంలోను పనిచేసి 1826లో అతడు మళ్ళీ కడపకు వచ్చాడు. అక్కడ ఒక బంగళా, తోట కొన్నాడు. పండితులను, లేఖకులను చేర్చుకొని తన ధనంతో వారిని పోషించాడు. తాళపత్ర ప్రతులు తెప్పించడం, భిన్నప్రతులను పోల్చడం, శుద్ధప్రతిని వ్రాయించడం నిత్యకృత్యమైంది. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య వంటి పండితులు అతని సాహిత్యకృషికి తోడ్పడ్డారు. కడపకు చెందిన అయోధ్యాపురం కృష్ణారెడ్డి ఆ కార్యభారాన్ని వహించాడు. ఈ పనికై బ్రౌన్ అప్పులపాలయ్యాడు కూడా.

ఇక్కడ గమనించవలసిన విశేషం ఒకటున్నది. మారినవాడు బ్రౌన్ ఒక్కడే కాదు. తాళపత్రానికి అలవాటుపడిన పండితులు అచ్చుప్రతికి తగిన పరిష్కరణను అభ్యసించారు. పరదేశీయునితో కూర్చొని కావ్యచర్చ చేశారు. నేర్చుకొనేవాడికీ నేర్పేవాడికీ కూడా మార్పు తప్పలేదు. ఒకరి సంకోచాన్ని మరొకరు తీర్చారు.

మొదటి మార్పును దాటినవానికి తరువాతి మార్పులు రాకపోవు. 1834లో బ్రౌన్ ఉద్యోగం నుంచి తొలగింపబడ్డాడు. ఇంగ్లండుకు తిరిగివెళ్ళాడు. పదవి పోయిన మనిషి పనిని కూడా వదిలిపెట్టి ఉండవచ్చు. అతడు లండనులోని కంపెనీ గ్రంథాలయంలో దక్షిణభారత భాషల వ్రాతప్రతులను వెదకి పట్టుకొన్నాడు. వాటిని మద్రాసుకు చేర్పించే ప్రయత్నం చేశాడు. 1838 నాటికి తిరిగి మద్రాసు చేరి మళ్ళీ కొలువులో ప్రవేశించాడు. 1840లో అతని తెలుగు వ్యాకరణం, 1852లో తెలుగు - ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. ఆ నిఘంటువును పండితులు, పరిశోధకులు నేటికీ తిరగవేస్తూనే ఉన్నారు. 1865లో లండను విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడయ్యాడు. 1884లో మరణించాడు. కడపలో అతడు నివసించిన చోటనే, జానమద్ది హనుమచ్ఛాస్త్రి వంటివారి పట్టుదల ఫలితంగా, అతని పేరిట గ్రంథాలయం వెలసింది. యోగి వేమన విశ్వవిద్యాలయానికి అనుబంధంగా అది భాషా పరిశోధన కేంద్రమైంది.

బ్రౌన్ చరిత్ర నుంచి గ్రహించవలసినది అతని పాండిత్యాన్ని మాత్రమే కాదు. తెలియదని ఒప్పుకోవడానికి సిగ్గుపడని మనసును గ్రహించాలి. ఆ ఒప్పుకోలే నిఘంటువు దాకా సాగిన ప్రయాణానికి తొలి అడుగు.

కర్నూలు బిడ్డ

బ్రౌన్ తనకై తాను మార్పును కోరుకొన్నాడు. కోరుకొన్న దారి ఒక్కసారిగా మూసుకొనిపోయినవాడు ఏమి చేయాలన్న ప్రశ్నకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు జీవితం సమాధానం చెబుతుంది.

ఆయన 1883లో కర్నూలులో పేదకుటుంబంలో జన్మించారు. కష్టపడి చదువుకొని మద్రాసు క్రైస్తవ కళాశాలలో 1906లో ఎం.ఏ. పట్టా పొందారు. ఆ రోజులలో ఈ సీమ నుంచి ఎం.ఏ. చదివినవారు బహు అరుదు. ఉపాధ్యాయ శిక్షణకై రాజమహేంద్రవరంలోని శిక్షణ కళాశాలలో చేరారు. శిక్షణ ముగిసినట్లయితే ప్రభుత్వోద్యోగం, గౌరవం, కుటుంబానికి ఆసరా లభించేవి. ఇంతలో 1907లో వందేమాతరం ఉద్యమ ప్రచారకునిగా బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరం వచ్చారు. ఆయన ఉపన్యాసాలు విద్యార్థులను కదిలించాయి. వందేమాతరం బిళ్ళలు ధరించిన విద్యార్థులపై కళాశాల అధికారులు చర్య తీసుకొన్నారు. హరిసర్వోత్తమరావు కళాశాల నుంచి బహిష్కృతులయ్యారు. ప్రభుత్వోద్యోగం అనే దారి ఆయనకు శాశ్వతంగా మూసుకొన్నది.

పేదింటి చదువుకొన్న కుమారునికి ఇది సామాన్యమైన దెబ్బ కాదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అన్నట్టి స్థితి. ఆయన విజయవాడ చేరి ‘స్వరాజ్య’ పత్రికను నడిపారు. 1908లో తిరునల్వేలి కాల్పుల గురించి ఆ పత్రికలో వెలువడిన రచనను ప్రభుత్వం రాజద్రోహంగా పరిగణించింది. ఆయనకు మూడు సంవత్సరాల కఠిన కారాగారశిక్ష పడింది. అప్పటికి ఆయన వయస్సు పాతికేళ్ళు. వెల్లూరు కారాగారంలో దుర్భరమైన పరిస్థితులలో శిక్షను అనుభవించారు. ఆంధ్రులలో తొలి రాజకీయ ఖైదీలలో ఒకరుగా చరిత్ర ఆయనను పేర్కొంటుంది.

విడుదలైన తరువాత ఆయన ఏమి చేశారన్నదే ఈ సందర్భంలో ముఖ్యం. పోయిన ఉద్యోగానికై విలపిస్తూ కూర్చోలేదు. ఉపాధ్యాయుడు కావాలన్న కోరికను కూడా విడిచిపెట్టలేదు. తరగతి గది పోయింది, బోధన మిగిలింది. 1914లో మద్రాసులో ఆంధ్రపత్రిక దినపత్రికగా మారినప్పుడు దానికి తొలి సంపాదకులయ్యారు. గ్రంథాలయోద్యమంలో ప్రవేశించి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి సారథ్యం వహించారు. వయోజన విద్యకు జీవితాన్ని ధారపోశారు. నాలుగు గోడల మధ్య కొందరికి పాఠం చెప్పవలసిన వ్యక్తి, పత్రికల ద్వారా, గ్రంథాలయాల ద్వారా, రాత్రి బడుల ద్వారా లెక్కకందనంతమందికి పాఠం చెప్పారు. 1960లో ఆయన కన్నుమూశారు.

మార్పు వచ్చినప్పుడు మనిషి సర్వస్వమూ పోదు. పోయేది ఒక రూపం మాత్రమే. సారమేదో, రూపమేదో విడదీసి చూడగలిగినవానికి భయం సగం తగ్గుతుంది. హరిసర్వోత్తమరావుకు ఉద్యోగం రూపం, విద్యాదానం సారం. ఆయన రూపాన్ని మార్చుకొని సారాన్ని నిలుపుకొన్నారు.

ఈ సీమ తన పేరు విషయంలోను ఇటువంటి పనే చేసింది. 1800లో నిజాం నవాబు తుంగభద్రకు దక్షిణాననున్న అనేక ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేశాడు. అప్పటి నుంచి వీటికి దత్తమండలాలు అనే పేరు ఏర్పడింది. ఒకరు ఇంకొకరికి ఇచ్చివేసినవి అని దాని అర్థం. నూట ఇరవై ఏళ్ళకు పైగా ఆ పేరే వ్యవహారంలో ఉన్నది. 1928లో నంద్యాలలో ఆంధ్ర మహాసభలు జరిగిన సందర్భంలో ఆ పేరును త్యజించి ‘రాయలసీమ’ అనే పేరును స్వీకరించారు. ఈ మార్పుతో చిలుకూరి నారాయణరావు పేరు, హరిసర్వోత్తమరావు పేరు ముడిపడి ఉన్నాయి. పేరు మారినంత మాత్రాన వాన ఎక్కువగా కురవలేదు, రాతినేల మెత్తబడలేదు. అయినా తమను తాము చూచుకొనే చూపు మారింది. కొత్త పేరు ఆకాశం నుంచి ఊడిపడలేదు. విజయనగర రాయల కాలపు జ్ఞాపకం నుంచి పుట్టింది. మంచి మార్పు వేళ్ళను తెంపదు. వేళ్ళలోని నీటినే కొత్త కొమ్మకు అందిస్తుంది.

ఒంటరిగా కాక నలుగురితో

బ్రౌన్, హరిసర్వోత్తమరావు అసాధారణ వ్యక్తులనీ, సామాన్యులకు అట్టి ధైర్యం రాదనీ ఎవరైనా అనవచ్చు. సామాన్యుల మార్గాన్ని కర్నూలుకు సమీపంలోని ఓర్వకల్లు మండలపు మహిళలు చూపారు. 1990లలో ఆంధ్రప్రదేశ్‌లో పొదుపు ఉద్యమం వ్యాపించింది. రోజుకు ఒక్క రూపాయి చొప్పున దాచుకొనే స్త్రీలు చిన్న చిన్న సంఘాలుగా ఏర్పడ్డారు. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సహకారంతో కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాలలో జరిగిన పేదరిక నిర్మూలన కృషిలో ఓర్వకల్లు ఒక ముఖ్య క్షేత్రమయ్యింది.

కూలికి తప్ప గడప దాటి ఎరుగని స్త్రీకి బ్యాంకు మెట్లు ఎక్కడం చిన్న విషయం కాదు. వేలిముద్రకు బదులు సంతకం చేయడం, అధికారి ఎదుట కూర్చొని మాట్లాడడం, సంఘపు లెక్క చెప్పడం, ఇవన్నీ భయం కలిగించే పనులే. ఇంటివారు ఏమంటారో, ఊరివారు ఏమనుకొంటారో అన్న శంక ఒకవైపు. దాచిన రూపాయి పోతుందేమోనన్న దిగులు మరొకవైపు. ఈ భయాన్ని వారు ఉపన్యాసాలు విని పోగొట్టుకోలేదు. పదిమంది కలిసి వారం వారం కూర్చొన్నారు. ఒక్క రూపాయితో మొదలుపెట్టారు. ఒకరికి ధైర్యం చాలనినాడు పక్కనున్నవారు వెంట నడిచారు. సంఘాలు గ్రామ సంఘాలయ్యాయి, గ్రామ సంఘాలు మండల సమాఖ్యగా ఏకమయ్యాయి. తొలినాళ్ళలో తల ఎత్తి పేరు చెప్పలేనివారు తరువాత సభలు నిర్వహించారు.

ఇందులో రెండు సత్యాలున్నాయి. భయం పోయిన తరువాత అడుగు వేయవచ్చునని నిరీక్షించినవారు ఎన్నటికీ అడుగు వేయరు. అడుగు వేసిన తరువాతనే భయం తగ్గడం ఆరంభమవుతుంది. ఇది మొదటి సత్యం. ఆ అడుగు ఒంటరిగా వేయవలసిన పని లేదన్నది రెండవది.

భయమంతా దోషమేనా?

ఇంతమాత్రాన ప్రతి మార్పు మంచిదనీ, భయపడినవారందరూ పిరికివారనీ అనుకోరాదు. శ్రీశైలం జలాశయ నిర్మాణంతో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలోని అనేక గ్రామాలు ముంపునకు గురయ్యాయి. 1981 ప్రాంతంలో ప్రజలు ఇండ్లు, పొలాలు, పూర్వుల సమాధులు వదిలి వెళ్ళవలసివచ్చింది. ఆ మార్పు వారు కోరుకొన్నది కాదు. వారి భయానికి, బాధకు న్యాయమైన హేతువున్నది. నేటికీ వేసవిలో జలాశయపు నీరు తగ్గినప్పుడు సంగమేశ్వర ఆలయం బయటపడుతుంది. ప్రజలు అక్కడికి వెళ్ళి పూజలు చేసి వస్తారు. పోగొట్టుకొన్నదానిని తలచుకోవడం బలహీనత కాదు. వ్యక్తి తన అభ్యుదయానికై ఎన్నుకొనే మార్పు వేరు, ఇతరులు నెత్తిన పెట్టే మార్పు వేరు. రెండవదానిని ప్రశ్నించే హక్కు మనిషికి ఉన్నది.

ఎన్నుకొన్న మార్పులో సైతం తెగింపు ఒక్కటే చాలదు, ముందుచూపు కావాలి. ఈ విషయాన్ని సీమలోని మెట్టరైతును చూచి నేర్చుకోవచ్చు. వర్షం నిశ్చయంగా వస్తుందని తెలిసిన తరువాతనే విత్తుతానని అతడు కూర్చోడు. అట్లా కూర్చొన్నట్లయితే అదను దాటిపోతుంది. అయితే ఉన్నదంతా ఒకే పంటమీద పెట్టడు. వేరుశనగ మధ్యలో కంది సాళ్ళు వేస్తాడు. వేరుశనగ దెబ్బతిన్నా కంది కొంత ఆదుకొంటుందని అతని నమ్మకం. వానకు భయపడడం మానకుండానే విత్తడం కూడా మానకపోవడం అతని విజ్ఞత. ఎదగదలచిన వ్యక్తికి ఇంతకంటె మంచి ఉపమానం దొరకదు.

విద్యార్థి చేయదగిన పని

ఈ చరిత్రల నుంచి విద్యార్థి తన జీవితానికి అన్వయించుకోదగిన సూత్రాలు కొన్ని ఉన్నాయి.

మొదట భయానికి పేరు పెట్టాలి. “కళాశాల అంటే భయం” అనే మాటలో స్పష్టత లేదు. భయం ఆంగ్లమాధ్యమం వలననా, వసతిగృహం వలననా, ఖర్చు వలననా, తోటివారి ఎగతాళి వలననా అని తరచి చూడాలి. ఒక కాగితం మీద వ్రాసుకొన్నప్పుడు కొండంత కనిపించినది నాలుగు వాక్యాలుగా తేలుతుంది. ప్రతి వాక్యానికి వేరు వేరు పరిష్కారం ఉంటుంది. ఖర్చు సమస్యకు ఉపకారవేతనం గురించి విచారించాలి. భాష సమస్యకు నిఘంటువు తెరవాలి. ఎగతాళి సమస్యకు ఒక మంచి మిత్రుడు చాలు.

తరువాత మార్పును ముక్కలు చేయాలి. ఒక్క రోజులో ఆంగ్లమంతా రాదు. రోజుకు ఐదు పారిభాషిక పదాలు, వాటికి తెలుగులో అర్థం వ్రాసుకొన్నట్లయితే నెల తిరిగేసరికి నూటయాభై పదాలవుతాయి. పదవ తరగతి వరకు తెలుగులో నేర్చుకొన్న శాస్త్రజ్ఞానం వ్యర్థం కాలేదు. త్వరణమంటే ఏమిటో ఎరిగిన విద్యార్థికి దాని ఆంగ్లనామం నేర్వడం ఒక్క నిమిషపు పని. అతడు శూన్యం నుంచి ఆరంభించడం లేదు, ఉన్నదానికి కొత్త తొడుగు తొడుగుతున్నాడు.

మూడవది తెలియదని అడగడం. తరగతిలో అడగడానికి సంకోచమైతే తరగతి ముగిసిన తరువాత అధ్యాపకుని గదికి వెళ్ళి అడగవచ్చు. అడిగిన ప్రశ్న ఒకరిదే అయినా దాని సమాధానం కోసం నోరు విప్పలేక ఎదురుచూచేవారు తరగతిలో మరికొందరు ఉండనే ఉంటారు.

నాలుగవది గడువు ఇవ్వడం. ఇల్లు అలకగానే పండుగ కాదు. కొత్త చోట మొదటి వారంలో కలిగిన అభిప్రాయంతో జీవితనిర్ణయం చేయరాదు. మొదటి పరీక్షల వరకైనా ప్రయత్నించి చూచి, అప్పుడు తల్లిదండ్రులతోను అధ్యాపకులతోను కూర్చొని ఆలోచించాలి. అప్పటికీ ఆ దారి తనకు తగదని తెలిసినట్లయితే వేరొక కోర్సునో, వేరొక విద్యనో ఎన్నుకోవడం ఓటమి కాదు. భయపడి పారిపోవడానికీ, పరిశీలించి దారి మార్చుకోవడానికీ ఎంతో భేదమున్నది.

చివరిది తోడు. పల్లెల నుంచి వచ్చిన విద్యార్థులు నలుగురు ఒకచోట చేరి చదువుకోవడం వలన భారం తగ్గుతుంది. ఏడాది క్రితం ఇదే స్థితిని దాటిన రెండవ సంవత్సరపు విద్యార్థుల మాట ఎంతో ధైర్యాన్నిస్తుంది. ప్రత్యేకించి ఇంటి నుంచి మొదటిసారి చదువుకై బయటికి వచ్చిన బాలికల విషయంలో ఇది మరింత అవసరం. పై చదువుకు వెళ్ళిన మొదటి బాలిక దాటిన గడపను ఆ ఊరి మిగిలిన బాలికలు సులభంగా దాటుతారు. ఆమె వెనుదిరిగినట్లయితే ఆ గడప మళ్ళీ ఎత్తుగా కనిపిస్తుంది. ఒక వ్యక్తి ధైర్యం ఆ వ్యక్తితోనే ఆగిపోదు.

భయం లేకపోవడం ధైర్యమని కొందరు భావిస్తారు. భయమున్నప్పటికీ చేయవలసిన పని చేయడమే ధైర్యం. కడప రైతు మాట అర్థం కాని అధికారికి, వెల్లూరు జైలు తలుపులు దాటి వెలుపలికి వచ్చిన యువకునికి, మొదటిసారి బ్యాంకు మెట్లెక్కిన ఓర్వకల్లు స్త్రీకి రేపు ఎట్లుండునో తెలియదు. వారికి తెలిసినదల్లా ఆనాడు చేయవలసిన చిన్నపని మాత్రమే. ఒక పద్యం చదవడం, ఒక వ్యాసం వ్రాయడం, ఒక రూపాయి దాచడం. ఎదుగుదల అనే పెద్ద మాట ఇట్టి చిన్న పనుల కూడికయే. కొత్త కళాశాలలో మొదటి రోజున తలుపు దగ్గర నిలిచిపోయిన విద్యార్థి చేయవలసినది కూడా ఇంతే. లోపలికి వచ్చి, ఖాళీగా ఉన్న చోట కూర్చొని, పుస్తకం తెరవాలి.

అభ్యాసం

అ) ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు వ్రాయండి.

1. మార్పు పట్ల భయానికి గల కారణాలను పాఠ్యభాగం ఆధారంగా వివరించండి.
2. బ్రౌన్ తిరిగి విద్యార్థిగా మారిన విధానాన్ని, దాని ఫలితాన్ని వివరించండి.
3. ‘రూపాన్ని మార్చుకొని సారాన్ని నిలుపుకొన్నారు’ అనే వాక్యాన్ని గాడిచర్ల హరిసర్వోత్తమరావు జీవితానికి అన్వయించి వ్రాయండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు ఐదు పంక్తులలో సమాధానాలు వ్రాయండి.

1. ‘దత్తమండలాలు’, ‘రాయలసీమ’ అనే పేర్ల మధ్య గల భావభేదమేమి?
2. ఓర్వకల్లు మహిళలు తమ భయాన్ని ఎట్లా దాటారు?
3. మెట్టరైతు నుంచి విద్యార్థి నేర్వదగినదేమి?
4. కోరుకొన్న మార్పునకు, కోరని మార్పునకు గల భేదాన్ని సోదాహరణంగా తెలపండి.

ఇ) కళాశాలలో చేరిన తొలినాళ్ళలో మీకు ఎదురైన ఒక సంకోచాన్ని, దానిని దాటిన తీరును తెలుపుతూ మీ గ్రామంలోని తమ్మునికో చెల్లెలికో లేఖ వ్రాయండి.